చెప్పకుండా దిగినవాడు

నడక నేర్పే ఆ ఆసుపత్రి స్ఫాక్స్ పట్నంలో రేవు వెనక వీధిలో ఉంది. కింద మందుల షాపు, పక్కన వెల్డింగు కొట్టు. మెట్లెక్కి పైకి వెళితే పొడుగాటి హాలు, తెల్లటి టైల్సు, వరసగా కిటికీలు. కిటికీలోంచి చూస్తే కెర్కెన్నా దీవికి పోయే లాంచీలు కనిపిస్తాయి. మధ్యాహ్నం పూట హాలు నిండా ఎండే. ఆ చోట భయపడ్డానని ఎవరైనా చెబితే నేనే పకపకా నవ్వి ఉండేదాన్ని. దెయ్యానికైనా కాస్త చీకటీ కాస్త బూజూ కావాలి కదా అనేదాన్ని.

రోజు విడిచి రోజు మా నాన్నని అక్కడికి తీసుకెళ్ళేదాన్ని. నాన్న పేరు ఖమైస్. కెర్కెన్నాలో ఆక్టోపస్‌లు పట్టేవాడు. మట్టికుండలు తాడుకి కట్టి సముద్రంలో వదులుతారు. ఆ పిచ్చి ప్రాణి అది ఇల్లనుకుని దూరి పడుకుంటుంది. తాడు లాగితే కుండతో పాటు పైకొచ్చేస్తుంది. జీవితమంతా ఊగే పడవ మీద నిలబడ్డ మనిషి, పక్షవాతం వచ్చాక కదలని నేల మీద నిలబడలేకపోయాడు. దేవుడి హాస్యం ఒక్కోసారి మరీ మోటుగా ఉంటుంది.

నేను పెళ్ళిళ్ళకి బాదం మిఠాయిలు చేసి అమ్ముకుంటాను. మొగుడు లేడు. ఉన్నన్నాళ్ళూ తిని పడుకోవడం తప్ప ఏం చెయ్యలేదని నేనే పంపించేశాను. ఇల్లు నాది. నాన్నకి అలా అయ్యాక ఆయన్నీ అమ్మనీ దీవి నుంచి నా దగ్గరికి తెచ్చేసుకున్నాను.

ఎడమ కాలూ ఎడమ చెయ్యీ సరిగ్గా పనిచెయ్యకపోవడం ఒక కష్టం. దాన్ని మించిన కష్టం ఇంకోటుంది. నిటారు అంటే ఏమిటో నాన్నకి తప్పిపోయింది. తిన్నగా నిలబెడితే, పడిపోతున్నానని భయపడి, మంచి చేత్తో గోడని తోసి మరీ ఎడమకి వాలిపోయేవాడు. అక్కడ నడక నేర్పే అమ్మాయి ఖౌలా నాకు అర్థమయ్యేట్టు చెప్పింది.

"బాబాయ్ లెక్కలో ఆయన తిన్నగానే ఉన్నారక్కా. మనమే వంకరగా ఉన్నాం."

"అది పక్షవాతం రాకముందు నుంచీ ఉన్న జబ్బేనమ్మా" అంది మా అమ్మ కుర్చీలోంచి. మా అమ్మ పేరు షల్బియా. నోరు ఊరుకోదు, నాకూ ఆమె దగ్గర్నుంచే వచ్చింది.

నేను నాన్నకి ఎడమవైపు నిలబడి చెయ్యి అందించేదాన్ని. "నా మీద వాలు నాన్నా, నేనున్నాను" అనేదాన్ని. ఆయన నా చెయ్యి ముట్టేవాడు కాదు. కళ్ళు చిట్లించి, ముద్దముద్దగా వచ్చే మాటలతో, "అక్కణ్ణించి జరుగు తల్లీ. అది నీ చోటు కాదు" అనేవాడు.

అది ఎవరి చోటో నాకు తెలుసు.

షుక్రీ నా తమ్ముడు. మీసాలు రాకముందే నాన్నతో పడవెక్కాడు. చిన్న పడవ, ఇద్దరికే సరిపోతుంది. ఒకడు కుడి అంచు మీంచి బయటికి వంగి తాడు లాగుతుంటే, రెండోవాడు ఎడమ అంచు మీదకి అంతకంత ఒరగాలి. ఇతను ఎంత వంగితే అతను అంత. లేకపోతే పడవ బోల్తా. మాటలుండవు, చూసుకోవడాలుండవు. వీపుతోనే కనిపెట్టుకోవాలి. నాన్న కుడి, షుక్రీ ఎడమ. ఒక చలికాలం పొద్దున నాన్నకి జ్వరం వచ్చింది. వద్దంటున్నా వినకుండా షుక్రీ ఒక్కడే వెళ్ళాడు. పడవ దొరికింది. తిన్నగా తేలుతోంది, కుండలు వరసగా పేర్చి ఉన్నాయి. వాడు దొరకలేదు. ఏడాది తిరక్కుండా నాన్న కూడా కూలిపోయాడు. శవం లేదు కాబట్టి చావు లేదంది అమ్మ. ఇవాళ్టికీ భోజనాల దగ్గర షుక్రీ చెంచా వేరే పెడుతుంది.

నాకు కావలసింది ఒక్కటే. పోయినవాడు ఎలాగూ పోయాడు, మా నాన్న లేచి నిలబడాలి. నా చెయ్యి పట్టుకుని నిలబడాలి. చచ్చినవాడితో పోటీ ఏమిటే నీకు అని మీరనొచ్చు. ఉన్న కూతురు ఎదురుగా నిలబడి చెయ్యి చాస్తే, లేని కొడుకు కోసం గాల్లోకి ఒరిగే తండ్రి మీకుంటే తెలుస్తుంది.

ఆ హాల్లో రోబో ఒకటి ఉంది. రోబో అంటే కాళ్ళూ చేతులూ తల ఉన్న బొమ్మ కాదు. గుండ్రటి పెద్ద పళ్ళెం లాంటి పీట, అటూ ఇటూ ఊగుతుంది. మీద ఇనప చట్రం, చట్రం నుంచి వేలాడే బెల్టులు. నడుముకి రెండు పక్కలా మెత్తటి అరచేతుల్లాంటివి రెండు ఆనుకుంటాయి. అవి మనిషిని కొంచెం కొంచెంగా తోస్తాయి, పడబోతే పట్టుకుంటాయి. దానికి ముందు తలకి పట్టీ కట్టి, వెనక భాగంలో, చిన్నమెదడు ఉండే చోట, సన్నగా కరెంటు పంపిస్తారు. ఒంటిని సరితూకంలో ఉంచే పాఠాలు అక్కడ నేర్చుకుంటారట, కరెంటు తగిలితే పాఠం బాగా ఎక్కుతుందట. ఆ పట్టీ కింద ఉప్పునీళ్ళలో తడిపిన స్పాంజి ముక్కలు పెట్టేది ఖౌలా.

నాన్న మొదటిరోజే వాసన పట్టేశాడు. "సముద్రం నుంచి నేను తీసి అమ్మిన స్పాంజే మళ్ళీ నా నెత్తికి చుట్టారే" అన్నాడు.

"ఇది తోస్తుంది బాబాయ్, మీరు పడకుండా ఉండాలి. పడబోయారనుకోండి, ఇదే పట్టుకుంటుంది" అంది ఖౌలా.

"తోసేదీ అదే, పట్టుకునేదీ అదేనా? అచ్చం మా ఆవిడే."

"నేను తోసుంటే నువ్వు లేచేవాడివా ఇంకా?" అంది అమ్మ.

అందరం నవ్వాం. చాన్నాళ్ళకి నవ్వాం. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది, ఎందుకంటే మళ్ళీ మేం ముగ్గురం కలిసి నవ్వలేదు.

అబద్ధమెందుకు, యంత్రం పనిచేసింది. మెల్లగా నాన్న ఎడమకి వాలడం తగ్గింది. పీట ఊగుతుంటే నడుము దానంతటదే సర్దుకోవడం మొదలైంది. ముఖంలో రంగు వచ్చింది. ఒకరోజు పీట బాగా ఊగుతుండగా, నాన్న కుడిచెయ్యి ముందుకు చాచి, గుప్పిట మూసి, గాల్లో దేన్నో లాగాడు. మళ్ళీ చాచాడు, మళ్ళీ లాగాడు.

"తాడు లాగుతున్నాడు" అంది అమ్మ మెల్లగా.

ఖౌలాకి సంబరం. "చూశారా అక్కా, ఒంటికి పాత పని గుర్తొస్తోంది" అంది. నేనూ సంబరపడ్డాను. ఏమీ తెలియనప్పుడు ఎంత హాయో.

రోజురోజుకీ నాన్న ఇంకా ఇంకా కుడికి వంగసాగాడు. నడుము దగ్గర్నుంచి బయటికి, పడవ అంచు దాటి వంగినట్టు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా అంత వంగితే బొక్కబోర్లా పడాలి. బెల్టులు బిగుసుకోవాలి, అవి వదులుగానే వేలాడుతున్నాయి. యంత్రం అరచేతులు పట్టుకోవాలి, అవి నడుముకి జానెడు దూరంలో ఆగి ఉన్నాయి. నాన్న పడటం లేదు.

యంత్రం ముందు ఒక తెర ఉంటుంది, దాని మీద ఒక పచ్చ చుక్క. మనిషి బరువు పీట మీద ఎటు పడితే చుక్క అటు జరుగుతుంది. కుడికి ఒరిగితే కుడికి, ఎడమకి ఒరిగితే ఎడమకి, అంతే. నాన్న అంతలా కుడికి వంగినప్పుడు ఆ చుక్క ఎక్కడుందో చూశాను.

నట్టనడుమ ఉంది. కదలడం లేదు.

ఖౌలా కూడా చూసింది. యంత్రం ఆపి, నాన్నని కూర్చోబెట్టి, తనే ఎక్కి కుడికి ఒరిగింది. చుక్క బుద్ధిగా కుడికి జరిగింది. నన్ను ఎక్కించింది. నాకూ అంతే. మళ్ళీ నాన్న ఎక్కాడు, వంగాడు. చుక్క మధ్యలోనే.

"ఎక్కడో సెన్సరు తప్పు చూపిస్తోంది" అంది ఖౌలా. చెప్పేటప్పుడు నా ముఖం చూడలేదు.

సెన్సరు సంగతి నాకు తెలియదు, మిఠాయి తూచే త్రాసు సంగతి తెలుసు. ఒక పళ్ళెంలో బాదం పోసినా ముల్లు మధ్యలో నిలిచిందంటే, రెండో పళ్ళెంలో ఏదో ఉన్నట్టే.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నాన్నకి పులుసు తాగిస్తూ అడిగాను. "నాన్నా, ఆ పీట మీద నీకు ఎడమవైపు ఎవరున్నారు?"

నాన్న తలెత్తి నన్ను చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదది, సంతోషం. అదే నన్ను భయపెట్టింది.

"ఎవరేమిటే? నా కొడుకు బరువు నాకు తెలియదా?"

వెనక పళ్ళెం పడిన చప్పుడైంది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజున అమ్మ హమామ్ అనే వేడినీళ్ళ స్నానశాలకి వెళ్ళి స్నానం చేసి, కళ్ళకి సుర్మా పెట్టుకుని, పండగలకి కట్టే ఎర్రటి శాలువా నడుముకి చుట్టుకుని తయారైంది. "ఎక్కడికమ్మా పెళ్ళికా?" అన్నాను వెటకారంగా. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

ఆ మధ్యాహ్నం ఎడారి గాలి లేచింది. దక్షిణం నుంచి ఎర్రటి దుమ్ము వచ్చి ఊరి మీద పడింది. పట్టపగలే కిటికీలు ఇటుక రంగులోకి మారాయి. రేవు కనిపించలేదు, లాంచీలు ఆగిపోయాయి. కింద వెల్డింగు కొట్టు కూడా మూసేశారు. మిగతా రోగులెవరూ రాలేదు. హాల్లో మేం నలుగురమే. కరెంటు వస్తూ పోతూ ఉంది. యంత్రం మాత్రం తన బ్యాటరీ మీద నడుస్తూ, పిల్లి గురకలా సన్నగా మోగుతోంది.

ఖౌలా స్పాంజి తడిపి నాన్న తలకి కట్టింది. కరెంటు పంపింది. పీట ఊగడం మొదలైంది. నాన్న చెయ్యి చాచాడు... లాగాడు... వంగాడు.

మొదట వాసన వచ్చింది. స్పాంజి ఉప్పు వాసన కాదు. ఎన్నో రోజులు నీటి అడుగున ఉన్న కుండని పైకి తీసి బోర్లిస్తే వచ్చే వాసన. బురద, నాచు, ఏదో చచ్చిన జీవి. ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది ఈ టైల్సు హాల్లో రాకూడదు.

తర్వాత చప్పుడు. ఇనప పీట అది. ఇనుము కిర్రుమంటే ఒకలా ఉంటుంది. ఇది నానిన చెక్క మూలిగిన చప్పుడు.

"ఖౌలా, ఆపెయ్" అన్నాను.

"ఆపేశానక్కా" అంది ఖౌలా గుసగుసగా.

చూశాను. తెర నల్లగా ఉంది. యంత్రం అరచేతులు రెండూ వెనక్కి వెళ్ళి ముడుచుకున్నాయి. గురక లాంటి మోత లేదు. అయినా పీట ఊగుతోంది. నెమ్మదిగా... కుడికి... ఎడమకి... నాన్న కుడి పక్కకి పూర్తిగా వేలాడుతున్నాడు. తల నేల వైపు. తాడు లాగుతున్నాడు. బెల్టులు వదులుగా ఊగుతున్నాయి. పీట ఎడమ అంచు కిందకి నొక్కుకుని ఉంది. అక్కడ ఎవరూ లేరు.

ఖౌలా నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

అమ్మ కుర్చీలోంచి లేచింది.

"షుక్రీ" అంది.

నాన్న తల తిప్పలేదు. పళ్ళ బిగువున, "పిలవకే..." అన్నాడు. "పని మీదున్నాడు... పిలవకు."

"చలేస్తోందిరా నీకు." అమ్మ గొంతు అంత మెత్తగా ఉండగా నేను ఎప్పుడూ వినలేదు. నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. "ఎన్నాళ్ళు నిలబడతావురా నీళ్ళలో? చాల్లే, దిగు. మీ నాన్నకేం, ఆయన ఎలాగో నిలబడతాడు. నా తండ్రివి కదూ... అమ్మ దగ్గరికి రా."

"షల్బియా... వద్దే..."

"రా నాన్నా."

పీట ఎడమ అంచు ఒక్కసారిగా పైకి లేచింది.

నాన్న కుడికి విసిరేసినట్టు పడ్డాడు. బెల్టులు దబ్బుమని బిగుసుకున్నాయి. నేలకి తగల్లేదు కానీ, గాల్లో వేలాడుతూ చిన్న పిల్లాడిలా కేకపెట్టాడు. నేనూ ఖౌలా పరిగెత్తి ఆయన్ని పట్టుకున్నాం. గుండె నా అరచేతి కింద పిట్టలా కొట్టుకుంటోంది. ఆయన్ని పట్టుకునే నేను అమ్మ వైపు చూశాను.

అమ్మ ఒక చెయ్యి ముందుకు చాచి ఉంది. వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు మూసుకున్నాయి. ముఖం వెలిగిపోతోంది. "ఎంత చల్లగా ఉన్నాయే వీడి చేతులు" అంది నాతో.

టాక్సీలో అమ్మ ముందు కూర్చుంది, కిటికీ వైపు జరిగి, పక్కన ఇంకొకరికి చోటు వదిలి. నేనూ నాన్నా వెనక. అద్దాల మీద దుమ్ము రాలుతోంది. కొంతసేపటికి నాన్న నా చెవి దగ్గరికి వంగాడు.

"చెప్పకుండా దిగాడు."

"పోనీలే నాన్నా. అయిపోయింది."

"నీకు తెలియదు. పడవలో ఇద్దరున్నప్పుడు దిగేవాడు చెప్పి దిగాలి. 'దిగుతున్నా' అనాలి. రెండోవాడు 'దిగు' అనాలి. అప్పుడే కాలు తియ్యాలి. లేకపోతే ఉన్నవాడు నీళ్ళలో పడతాడు. వాడికి నేను మొట్టమొదట నేర్పింది అదే. చిన్నప్పుడు మంచం మీంచి దిగేటప్పుడు కూడా చెప్పి దిగేవాడు, గుర్తులేదూ? అమ్మ పిలిచినా, అల్లా పిలిచినా, వాడు నాకు చెప్పకుండా దిగడు."

నాకు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బావుండునని అనుకున్నాను.

"మరి నీ కొడుకు బరువన్నావు?"

నాన్న ఏడ్చాడు. ఒక పక్క ముఖమే ఏడ్చింది, రెండో పక్కకి ఏడవడం చేతకాదు. "బరువే చూశాను తల్లీ. కావాలనుకున్నాను, అందుకని వాడే అనుకున్నాను. బరువు ఎవరిదైనా బరువే కదా..."

ముందు సీట్లో అమ్మ కూనిరాగం తీస్తోంది, పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు పాడే రాగం.

ఆ తర్వాత నాన్న నిజంగా బాగుపడ్డాడు. ఎవరైనా నమ్ముతారా? కానీ నిజం. యంత్రం ఎక్కినప్పుడు ఇక తాడు లాగలేదు, కుడికి వంగలేదు. వంగితే చుక్క అందరికీ జరిగినట్టే జరిగింది. పడబోయాడు, సర్దుకున్నాడు, మళ్ళీ పడబోయాడు. ఖౌలా పీటకి ఎడమవైపు నిలబడటం మానేసింది. ఒకరోజు నాన్న బెల్టులు విప్పించుకుని నేల మీద నిలబడి నా వైపు చూశాడు. "ఎడమవైపుకి రా తల్లీ" అన్నాడు. వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని వాలాడు. పూర్తి బరువు. నేను అడిగిందీ, కోరుకుందీ అదే. ఎముకలన్నీ నొప్పెట్టినా సంతోషంతో ఏడ్చాను.

అమ్మ మాత్రం మారిపోయింది. తిట్టడం మానేసింది. పొద్దున లేస్తే పాటలే, వంటలే. ఆక్టోపస్ ఎండు ముక్కలు వేసి గోధుమరవ్వ కుస్కుస్ వండేది, షుక్రీకి ఇష్టమని. మంచం మీద ఒక అంచున పడుకునేది. నడిచేటప్పుడు ఒక పక్కకి ఒరిగి నడిచేది, ఎవరి చెయ్యో పట్టుకున్నట్టు. పక్కింటావిడ, "మీ అమ్మకి కూడా పక్షవాతం తగిలిందేమో, చూపించు" అంది. తగిలితే బావుండేది. దానికైతే చూపించడానికి ఒక చోటుంది.

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకోటి. మా షుక్రీ తాటిచెట్టంత ఉండేవాడు. వాడితో మాట్లాడాలంటే అమ్మ మెడ ఎత్తి చూడాల్సి వచ్చేది, "కాస్త వంగరా, నా మెడ పట్టేస్తోంది" అని గొడవ పెట్టేది. ఇప్పుడు అమ్మ తన పక్కనున్న దానితో మాట్లాడేటప్పుడు కిందకి చూస్తోంది. మోకాలి ఎత్తుకి.

"అమ్మా, వాడు షుక్రీ కాదు" అని ఒకసారి అన్నాను.

"నువ్వెప్పుడూ వాణ్ణి చూసి ఓర్వలేవు" అంది. నవ్వుతూనే అంది. నిజం కూడా అందులో కొంత ఉంది, అందుకే ఎదురు చెప్పలేకపోయాను.

మొన్న సాయంత్రం. పొద్దు ఇంకా వాలలేదు, గోడల మీద పసుపు ఎండ ఉంది. నాన్న పెరట్లోకి నడుస్తానన్నాడు. చేతికర్ర వద్దు, నువ్వు చాలన్నాడు. ఎడమవైపు నేను నిలబడి, నా కుడిచెయ్యి ఇచ్చాను. గడప దాటాం. నాన్న ముఖం మీద ఎండ పడింది. ఆ ముఖం చూసి, అల్లా, ఇది చాలు నాకు అనుకున్నాను.

అప్పుడు అమ్మని చూశాం.

మా పెరట్లో మూలకి వాననీళ్ళు పట్టే నేలనుయ్యి ఉంది. స్ఫాక్స్‌లో పాత ఇళ్ళన్నిటికీ ఉంటుంది. మోకాలెత్తు రాతి గట్టు, లోపల చాలా లోతు, చీకటి. అమ్మ దాంట్లోకి వంగి ఉంది. చేద పక్కన నేల మీదే ఉంది. నడుము వరకూ లోపలికి వంగి, ఇంకా వంగి... చెప్పులు నేల మీదున్నాయి. పాదాలు చెప్పుల్లో లేవు. గాల్లో ఉన్నాయి. రెండు చేతులూ నూతిలోకి వేలాడుతున్నాయి, గట్టుని పట్టుకోలేదు. వెనక నడుము దగ్గర ఎర్ర శాలువా బిగుతుగా లాగినట్టు ఉంది. వెనక ఎవరూ లేరు.

అమ్మ పడటం లేదు.

"అమ్..." సగం మాట వచ్చింది నా నోట్లోంచి. నాన్న మంచి చేతి వేళ్ళు నా చేతిని నొక్కేశాయి.

"పిలవకు" అన్నాడు ఊపిరితో. "పిలిస్తే అది మీ అమ్మని వదిలేస్తుంది."

పరిగెత్తి పట్టుకోవాలి. కానీ నాన్న బరువంతా నా చేతి మీద ఉంది. ఆ చెయ్యి తీస్తే రాళ్ళ మీద పడతాడు. ఇన్నాళ్ళూ ఏడ్చి ఏడ్చి అడిగిన బరువు అది. ఇప్పుడు దాన్ని మోస్తూ, కదలకుండా, నోరు మూసుకుని, మా అమ్మ అలా వేలాడుతుంటే చూశాను. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి కూడా భయం.

నూతిలోంచి అమ్మ నవ్వు వినిపించింది. తర్వాత మాట. లోతులోంచి మోగుతూ వచ్చింది.

"అమ్మాయ్... అక్కడున్నావా? ఇదిగో, మీ తమ్ముడి వేషాలు చూడు. అక్క పేరు మర్చిపోయాడంట. నీ పేరేమిటని అడుగుతున్నాడు."

నాన్న పెదవులు కదిలాయి. "చెప్పకే... షల్బియా... చెప్పకే..." ఆ గొంతు నాకే సరిగ్గా వినపడలేదు.

అమ్మ నవ్వుతూ నా పేరు చెప్పింది.

పేరు నూతిలో మోగింది. ఆగింది. కాసేపటికి మళ్ళీ మోగింది. రెండోసారి మోగింది అమ్మ గొంతు కాదు.

శాలువా వదులైంది. అమ్మ పాదాలు మెల్లగా నేలకి దిగాయి. నడుం పట్టుకుని లేచి నిలబడింది, చెప్పులు తొడుక్కుంది. తిన్నగా నిలబడింది, ఏ పక్కకీ ఒరక్కుండా. చుట్టూ చూసింది. పక్కన కిందకి చూసింది. తన ఖాళీ చెయ్యి చూసుకుంది. ఒక్క నిమిషంలో ఆ ముఖం ముసలిదైపోయింది.

"షుక్రీ?" అంది. "ఎక్కడికి పోయాడే... ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నాడే..."

నాన్న నా కుడిచెయ్యి పట్టుకుని, పెద్ద కళ్ళతో నన్ను చూస్తున్నాడు. నా ఎడమ చెయ్యి ఖాళీగానే ఉంది. అటు గోడ లేదు, మనిషి లేడు. నేను ఎడమకి ఒరుగుతున్నాను... ఇంకా ఒరుగుతున్నాను... పడటం లేదు.